గుణింతం అప్పజెబుతుంది కానీ చదవలేదు: అలాంటి పిల్లకు రోజూ ఇరవై నిమిషాలు ఇలా నేర్పండి

నాలుగో తరగతి పిల్ల. క గుణింతం ఎత్తుకుంటే కః దాకా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెబుతుంది. ఒకరోజు బోర్డు మీద 'కే' ఒక్కటే రాసి ఇదేంటమ్మా అని అడిగాను. పెదాలు కదులుతున్నాయి, వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తోంది. క, కా, కి, కీ, కు, కూ... మెట్లన్నీ ఎక్కి అక్కడికి చేరాక "కే" అంది. ఒక్క అక్షరానికే అంతసేపు పడితే, నాలుగు అక్షరాల మాట చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో మరిచిపోక ఏం చేస్తుంది?

అంతకుముందు ఏడాదంతా ఆ పిల్లకు నేను చేసిన వైద్యం చూచిరాత. రోజుకు రెండు పేజీలు, తప్పొస్తే పదిసార్లు ఇంపోజిషన్. నోట్సు ముత్యాల్లా ఉండేది. రాసింది చదవమంటే తల దించుకునేది. రాని పద్ధతినే మరింత ఎక్కువసేపు చేయించాను తప్ప, ఎక్కడ రావడం లేదో చూడలేదు. బడిలో ఉపాధ్యాయులైనా, ఇంట్లో అమ్మానాన్నలైనా, మీ చేతిలో ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే ఆ ఏడాది మీకు పోకూడదని ఇది రాస్తున్నాను.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి రాశాడు. ఆటల్లో, మాటల్లో చురుకు. అక్షరం ముందు పెడితే మాత్రం శూన్యం. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వీణ్ణి మించినవాడు ఉండడని మాస్టారు అన్నాడట. మన తరగతుల్లోనూ పెర్సీలు ఉన్నారు. వాళ్ళను మొద్దులంటున్నాం.

ముందు మూడు సందేహాలు తీర్చుకోండి

కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు ఆనకపోవడం, చెవిలో చీము కారడం వంటివి చదువురాని రోగంగా చలామణీ అయిపోతుంటాయి. రెండోది, ఇంట్లో మాట్లాడే భాష ఏదో కనుక్కోండి. లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు 'అరక' అంటే ఏంటో తెలియకపోతే అది చదవలేకపోవడం కాదు, ఆ మాటే తెలియకపోవడం. మూడోది, అసలు బడికి వచ్చిందా? పత్తి ఏరడానికో మిరపకోతకో వలస వెళ్ళి సగం ఏడాది పోగొట్టుకున్న పిల్లకు లోపం అంటగట్టకండి. అయితే ఈ మూడింటిలో ఏదున్నా కింద చెప్పే పాఠం పనికొస్తుంది. పేరు పెట్టేదాకా ఆగక్కర్లేదు. నేర్పడం మొదలుపెట్టండి.

ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

దీనికి ఒక గంట చాలు. నాలుగు కాగితాలు తయారుచేసుకోండి. ఒకదాని మీద అక్షరాలు, ఒకదాని మీద గుణింతాక్షరాలు, ఒకదాని మీద వత్తుల్లేని చిన్న మాటలు, ఒకదాని మీద ఒకటో తరగతి స్థాయి పేరా. పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో కొలిచే 'అసర్' సర్వేవాళ్ళు ఊళ్ళలో పిల్లల చేత చదివించేదీ ఇలాంటి మెట్లనే: అక్షరం, మాట, పేరా, కథ. అక్షరాలు వరుసలో రాయొద్దు, చిందరవందరగా రాయండి. వరుసలో రాస్తే మీరు పరీక్షించేది జ్ఞాపకశక్తినే.

పిల్ల చదువుతుంటే తప్పును తప్పుగానే రాసుకోండి. 'మంచం' చూసి "వుంచం" అందా? అది నిర్లక్ష్యం కాదు. 'మ'కూ 'వ'కూ పోలిక ఉంది. 'వ'కు కొమ్ము పక్కకు తగిలిస్తే 'మ'లాగే కనబడుతుంది. అందుకేగా వ, ప, ఫలకు కొమ్మును కిందికి దించి రాస్తాం! 'హరి'ని "పారి" అందా? హ, పా పక్కపక్కన పెట్టి మీరే చూడండి. ఘ, ఝ, ద, ధ, థ, బ, భ ఇలాంటివే. తప్పుల జాబితాలో నాలుగైదు జంటలే పదే పదే వస్తుంటాయి. మీ పాఠ్యప్రణాళిక అదే.

నోటి పరీక్ష కూడా ఒకటి పెట్టండి, పుస్తకం లేకుండా. "కమల అను. మధ్యలో మ తీసెయ్యి." 'కల' అని చెప్పగలిగిందా? "పాలు అను. పా బదులు పూ పెట్టు. పే పెట్టు." పాలు, పూలు, పేలు అనగానే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వులో భయం పోతుంది. మాటలోని శబ్దాలను విడదీయలేని పిల్లకు అక్షరాన్ని శబ్దంతో అతికించడమూ కష్టమే. అయితే ఈ ఆటతోనే నెలలు గడపకండి. బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లోనే చూపించారు, నోటి ఆటలు ఒక్కటే ఆడిన పిల్లల కన్నా అక్షరాల బిళ్ళలు కూడా చేత్తో మారుస్తూ ఆడినవాళ్ళు చదవడంలో బాగా ముందుకు వెళ్ళారని. రెండో రోజు నుంచే అట్టముక్కలు చేతికివ్వండి.

అక్షరాల వరుస మార్చండి

నా మాటకు తోటి ఉపాధ్యాయులు ఎక్కువగా అభ్యంతరం చెప్పేది ఇక్కడే. అ ఆ ఇ ఈ అయ్యాక క ఖ గ ఘ, అవన్నీ అయ్యాక గుణింతం, అదీ అయ్యాక వత్తులు, చివరికి మాటలు. చురుకైన పిల్లలు ఈ దారిలోనూ గట్టెక్కుతారు. ఇబ్బంది ఉన్న పిల్లకు మాత్రం ఏడాదిన్నర దాకా చదవడానికి ఒక్క వాక్యమూ దొరకదు. మన లిపికి తోబుట్టువైన కన్నడం మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో తరగతికి వచ్చినా పిల్లలు అక్షరాలు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారని తేలింది. ఇంగ్లీషులోలా ఇరవై ఆరుతో ముగిసే పని కాదు ఇది. అన్నీ అయ్యాక చదువుదాం అంటే ఎప్పటికీ చదవం.

కాబట్టి చూపుకూ నోటికీ తేడాగా ఉండే ఐదారు అక్షరాలతో మొదలుపెట్టండి. నేను వాడేవి ప, ల, క, త, ర, అ. వీటితోనే పలక, కలప, తల, లత, అరక, అలక, అల వచ్చేస్తాయి. ఒకదానికొకటి పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకండి. 'బ' గట్టిపడ్డాకే 'భ'.

తర్వాత గుణింతం. దాన్ని నిలువుగా కాదు, అడ్డంగా నేర్పండి. క కా కి కీ కాదు. కా, తా, పా, రా. ఒక వారం దీర్ఘం ఒక్కటే, అన్ని అక్షరాల మీదా. మరో వారం గుడి ఒక్కటే. మా పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టిందంటే ఆమెకు తెలిసింది పాట, గుర్తు కాదు. తలకట్టుతో ఇలా చెప్పండి: 'క' మీద ఉన్న ఈ టిక్కు గుర్తే 'అ' శబ్దం. దాన్ని చెరిపేసి గుడి పెడితే 'అ' పోయి 'ఇ' వస్తుంది. పలక మీద తలకట్టును నిజంగా వేలితో చెరపనివ్వండి. అప్పటిదాకా 'కి' అనేది ఆమెకు 'క'తో సంబంధం లేని మరో బొమ్మ. ట, బ, జ, ల లాంటివాటికి తలకట్టు లేదు కనుక ఈ కిటుకును క, త, ప, ర మీద చూపించాక వాటి దగ్గరికి వెళ్ళండి.

దీర్ఘం రాగానే వాక్యం పుడుతుంది. "పాపా, రా. తాతా, రా. పలక తా." ఇటు తెమ్మనడానికి 'తా' అనే ఊళ్ళలో ఇది మహా బాగా పేలుతుంది. పిల్ల చదువుతుంది, పక్కవాడు పలక తెచ్చిస్తాడు. చదివితే పని జరుగుతుందని మా పిల్లకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

ఇరవై నిమిషాల పాఠం

గడియారం ముందు పెట్టుకోండి. వారంలో ఐదు రోజులు, రోజూ ఒకే వేళకు. ఆదివారం కూర్చుని రెండు గంటలు చెప్పడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు మేలు. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే లెక్క కట్టాడు. ఎడం ఇచ్చి మళ్ళీ గుర్తుచేసుకుంటే నిలుస్తుందని ఆ తర్వాతి పరిశోధనలన్నీ చెబుతూనే ఉన్నాయి.

మొదటి నాలుగు నిమిషాలు పాత అట్టలు. మూడు అగరుబత్తి డబ్బాలు తీసుకోండి. రోజూ అడిగేవి ఒకదాంట్లో, రెండు రోజులకోసారి అడిగేవి ఒకదాంట్లో, వారానికోసారి అడిగేవి ఒకదాంట్లో. తడుముకోకుండా చెబితే అట్ట ముందు డబ్బాకు వెళ్తుంది, తప్పితే మొదటి డబ్బాకు తిరిగొస్తుంది. అట్టను డబ్బాలో పిల్లే వేయాలి. మీరు చూపించి చెప్పడం కన్నా ఆమె గుర్తుచేసుకుని చెప్పడంలోనే నేర్పు గట్టిపడుతుంది.

తర్వాతి ఐదు నిమిషాలు కొత్తది. ఒక్కటే, మహా అయితే రెండు. తెలిసిన ఏడెనిమిది అట్టల మధ్య కొత్తదాన్ని కలపండి. ఇక్కడ మూడు మెట్లు తప్పకుండా ఉండాలి. నేను చేస్తా చూడు, ఇద్దరం కలిసి చేద్దాం, ఇప్పుడు నువ్వు. మనం సాధారణంగా మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు దూకేస్తాం. "చెప్పానుగా, ఇంకా రాలేదా?" అన్న మాట పుట్టేది అక్కడే.

అదే సమయంలో చేత్తో దిద్దించండి, నోటితో శబ్దం చెబుతూ. ఇసుకా, పలకా, గాలిలో వేలా అన్నది మీ ఇష్టం. చెయ్యి, కన్ను, చెవి కలిపి నేర్పే పద్ధతిని 1930లలో అమెరికాలో వైద్యుడు ఆర్టన్, ఉపాధ్యాయురాలు గిల్లింగ్‌హామ్ ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు దాని పేరుతో ఖరీదైన కిట్లు అమ్ముతున్నారు. ఆ పద్ధతిపై వచ్చిన అధ్యయనాలను 2021లో కలిపి చూస్తే ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి తప్ప, కచ్చితంగా పనిచేస్తుందని చెప్పేంత బలం లేదు. నా బుద్ధికి తోచింది ఏమిటంటే, పని చేసేది ఇసుక కాదు. ఒక్కో మెట్టూ విడమరచి, వరసగా, తిరిగి తిరిగి చెప్పడం. నోరు మెదపకుండా దిద్దితే అది మళ్ళీ నా చూచిరాతే.

తర్వాత ఆరు నిమిషాలు మాటలు, వాక్యాలు. ఆ పిల్లకు వచ్చిన అక్షరాలే ఉన్న వాక్యాలు మీరే రాయాలి. పాఠ్యపుస్తకంలో అవి దొరకవు, వెతికి విసిగిపోకండి. బొమ్మ ఉంటే చేత్తో మూసెయ్యండి. బొమ్మ చూసి ఊహించడం ఇలాంటి పిల్లలకు ప్రాణరక్షణ విద్య. దాన్ని తప్పు పట్టక్కర్లేదు, అవకాశం ఇవ్వకపోతే చాలు.

ఆ తర్వాత మూడు నిమిషాలు ఉక్తలేఖనం. మూడు మాటలు, ఒక వాక్యం. మాట చెప్పండి, పిల్ల తిరిగి అనాలి, శబ్దాలు విడదీసి అనాలి, అప్పుడు రాయాలి. చివరి రెండు నిమిషాలు మీరు ఏదైనా కథ చదివి వినిపించండి. ఆమె తెలివికి తగ్గ కథ, చదువుకు తగ్గది కాదు. నాలుగో తరగతి పిల్లకు రోజంతా "పలక తా" ఒక్కటే దక్కితే చదువంటే అంతేనేమో అనుకుంటుంది.

తప్పు చదివినప్పుడు ఏమనాలి

మనలో చాలామంది "సరిగ్గా చూడు" అంటాం. ఆ పిల్ల సరిగ్గానే చూస్తోంది. ముందు మూడు సెకన్లు ఆగండి. ప్రశ్న వేశాక సగటు ఉపాధ్యాయులు ఒక్క సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు మెరుగుపడతాయని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో మాటలు టేపుల్లో రికార్డు చేసి మరీ లెక్కగట్టింది. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. మూడు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

అయినా రాకపోతే జవాబు చెప్పేయండి. పొడుపుకథలు వద్దు. ఇలా:

"ఇది మ. ఇదేంటి?"
"మ."
"బాగుంది. మాట మొదటి నుంచి చదువు."
"మం... చం. మంచం!"

మూడు అట్టల తర్వాత మళ్ళీ అదే అక్షరం చూపించండి. పాఠం చివర మరోసారి. అంతే, ఉపన్యాసం అక్కర్లేదు. అడిగిన పదింటిలో ఎనిమిది సరిగా రావాలి. ఐదే వస్తున్నాయంటే పాఠం ఆమెకు బరువైంది, మీరు ఒక మెట్టు దిగాలి. పదికి పదీ వస్తుంటే ముందుకు నడవండి.

వత్తులు: అసలు చిక్కు ఇక్కడ

చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కనుక పెద్ద కష్టం ఉండదు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అసలు అక్షరంతో పోలికే లేకుండా ఉంటాయి. పైగా ఎక్కువగా కనబడేవీ అవే: అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల. ఈ ఆరింటికీ వేరే రంగు అట్టలు చేసి, వత్తు ఒకవైపు, అక్షరం మరోవైపు రాసి జతలు కలిపించండి. మొదట ద్విత్వాలే, అంటే అదే అక్షరానికి అదే వత్తు. వేరే అక్షరం వత్తు వచ్చే సంయుక్తాలు తర్వాత.

సంయుక్తాల్లో ఒక ఉచ్చు ఉంది. మనకు అలవాటైపోయి కనబడదు. 'ఆస్తి' అన్న మాట చూడండి. గుడి ఉన్నది స మీద, పలికేది త తర్వాత. కళ్ళకు కనబడే వరుసలో చదివితే "ఆసిత" అవుతుంది. 'బస్తీ' "బసీత" అవుతుంది. మా పిల్ల అలాగే చదివేది, నేను నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే లిపిలో ఉన్నది ఉన్నట్టు చదివింది ఆమే. మాటను నోటితో విడదీయండి: ఆస్, తి. 'స్'కు ఒక రంగు, వత్తుకూ దాని గుడికీ మరో రంగు వేయండి. ముందు పై అక్షరం సగం, తర్వాత కింది వత్తు, చివర పైనున్న గుర్తు. వేలితో ఆ దారి చూపించండి: పైన, కింద, మళ్ళీ పైన. వారం రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

వేగం కోసం అదే పేరా మళ్ళీ మళ్ళీ

మాటలు విడివిడిగా వచ్చాక కూడా చదువు ఎద్దుబండిలా నడుస్తుంది. అప్పుడు ఐదారు వాక్యాల పేరా ఒకటి తీసుకోండి. మొదట మీరు చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత ఆమె ఒక్కతే మూడుసార్లు. శామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకుడు 1979లో చెప్పిన పద్ధతి ఇది, ఖర్చు లేనిది. బట్టీ పడుతుందేమోనన్న అనుమానం రావడం సహజమే. పేరా అయ్యాక మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి, చదివిందో బట్టీయో తేలిపోతుంది.

వారానికోసారి, ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి ఒక్క నిమిషం చదివించి సరిగా చదివినవి లెక్కపెట్టండి. ఇంగ్లీషుకు చెప్పే నిమిషానికి ఇన్ని మాటల లెక్కలు ఇక్కడ పెట్టకండి. 'వెళ్ళిపోతున్నప్పుడు' మనకు ఒక్క మాట! మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి. వత్తుతో ఉన్నదీ ఒకటే. గళ్ళ కాగితం మీద వారానికో చుక్క పెట్టి, పది వారాల్లో చేరాలనుకున్న చోటికి పెన్సిల్‌తో గీత గీయండి. వరసగా నాలుగు చుక్కలు గీత కింద పడితే మార్చాల్సింది పిల్లను కాదు, పాఠాన్ని: కొత్తవి తగ్గించడమో, జట్టులో చెబుతుంటే విడిగా కూర్చోబెట్టడమో. గ్రాఫు పిల్లకు చూపించండి, పక్క పిల్లల గ్రాఫులతో పోల్చకండి.

మిగతా సబ్జెక్టుల సంగతి

చదువు వచ్చేదాకా సైన్సూ, సోషలూ ఆగవు. ప్రశ్న మీరు చదివి వినిపించండి, జవాబు నోటితో తీసుకోండి. అందరి ముందూ లేపి చదివించకండి. లెక్కల్లోనూ తడబడుతుంటే చింతపిక్కలతో మొదలుపెట్టి, వాటి బదులు గీతలు గీయించి, ఆ తర్వాతే అంకెలకు రండి.

డబ్బు పోగొట్టుకోకండి

రంగుటద్దాలు పెట్టుకుంటే అక్షరాలు నిలబడతాయనో, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరం చదవలేని ఈ ఇబ్బంది) పోతుందనో ఎవరైనా అంటే, అందుకు ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కంటి వైద్యులతో కలిసి 2009లోనే ప్రకటించిందని చెప్పండి. "మీ పాప చూసి నేర్చుకునే రకం, వాడు విని నేర్చుకునే రకం" అంటూ రకానికో కోర్సు అమ్మేవాళ్ళకూ అంతే. 2008లో మనస్తత్వవేత్త పాష్లర్ బృందం ఉన్న అధ్యయనాలన్నీ గాలించి, అలా విడదీసి నేర్పితే మేలని చూపే సరైన రుజువు కనబడలేదని తేల్చింది.

కాగితాల పని

పది, పన్నెండు వారాలు సక్రమంగా నేర్పినా చుక్కలు పైకి లేవకపోతే, మీ గ్రాఫూ, తప్పుల జాబితా, రెండు నోట్సులూ పట్టుకుని నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ బడి అయితే ముందు మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) అడగండి. నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా ఇందులోదే) 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లకు ధ్రువపత్రం అడుగుతారు. ఈ తిరుగుడు పదో తరగతి ఫీజు కట్టే నెలలో మొదలుపెడితే అందదు. ఎనిమిదో తరగతిలోనే హెడ్మాస్టరు గారి చెవిన వేసి, ఆయన చేత రాతపూర్వకంగా రిఫర్ చేయించుకోండి.

సంక్రాంతి, వేసవి సెలవుల తర్వాత ఏం చేయాలన్నది ఒక్కటి మిగిలింది. ఆగిన చోట మొదలుపెట్టకండి. మూడు డబ్బాల్లోని అట్టలన్నీ మొదటి డబ్బాలో పోసి, వారం రోజులు వాటినే అడగండి. కొత్త అక్షరం ఆ తర్వాతి సోమవారం.